పెట్రోల్ ధార చూడకుండా ఫైసలా ఏంది భాయ్?

“కార్బొరేటర్ ఖతమైంది భాయ్, కొత్తది ఎయ్యాలె.”

గోదావరిఖనిలో బండి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాట ఒక్కసారన్నా పడి ఉంటుంది. విన్నాక మనమూ ఒకటే పని చేస్తాం. జేబు తడుముకుని “కిత్నా హోతా?” అంటాం. ఖతమైందని ఎట్లా తెలిసింది, ఏం చూసి చెబుతున్నావు అని అడిగేవాళ్లు తక్కువ. కడుపునొప్పి అని పోతే డాక్టర్ కనీసం చెయ్యి పెట్టి చూడకుండా ఆపరేషన్ అంటే ఊరుకుంటామా? బండి దగ్గర మాత్రం తహకీక్ లేని ఫైసలాకు తలూపుతాం.

నా ఖయాల్ సాఫ్‌గా చెబుతాను. నడుస్తూ నడుస్తూ దమ్ము తగ్గి ఆగిపోయే బండికి ముందు విప్పాల్సింది ఇంజనూ కాదు, కార్బొరేటరూ కాదు. ముందు చూడాల్సింది ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా పెట్రోల్ వచ్చే రాస్తా. ఆ రాస్తా మూరెడు పొడవు కూడా ఉండదు. దాన్ని పరీక్షించడానికి ఒక పేచ్‌కస్, ఒక శుభ్రమైన సీసా, పది నిమిషాల సబర్ చాలు. ఆ పది నిమిషాలు పెట్టకుండా సామాను మార్చమనే మిస్త్రీ హునర్ మీద నాకు షక్. అడగకుండా పైసలిచ్చే గాహక్ మీద షికాయత్.

బండి సంగతి కూడా ఒక మసలానా అనుకునేవాళ్లుంటారు. మన ఊళ్లో బండి షౌక్ కాదు. తెల్లారకముందే మొదటి షిఫ్టుకు బాయికి పోయేవాడికి, యైటింక్లయిన్ కాలనీ నుంచో, గోదావరి వంతెన అవతల మంచిర్యాల వైపు నుంచో డ్యూటీకి వచ్చేవాడికి అది కాళ్లతో సమానం. దారిలో బండి ఆగితే పర్మినెంటు కార్మికుడికి ఒక మస్టర్ పోతుంది. కాంట్రాక్టు కార్మికుడికి ఆ రోజు కూలీ మొత్తం పోతుంది. ఇంకో సంగతి, రాజీవ్ రహదారి మీద వెనక లారీ తోసుకొస్తుంటే ఇంజన్ ఒక్కసారిగా చేతులెత్తేస్తే పోయేది కూలీ ఒక్కటే కాదు. వెనక అమ్మీ, ముందు పాప కూర్చున్న బండి అయితే చెప్పేదేముంది.

మా మహల్లాలో ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేసే ఒక తమ్ముడి సంగతి చెబుతాను. పాత స్ప్లెండర్. ఇంటి దగ్గర ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. రెండు మూడు కిలోమీటర్లు బాగా పోతుంది. తర్వాత ఎగరడం మొదలు, దగ్గడం, ఆగడం. పక్కకు తోసి, రుమాలుతో మొహం తుడుచుకుని, ఐదు నిమిషాలాగి కిక్ కొడితే మళ్లీ మామూలే. మళ్లీ రెండు కిలోమీటర్లు. ఒక షెడ్డులో ప్లగ్ మార్చారు. ఇంకో షెడ్డులో రెండుసార్లు కార్బొరేటర్ కడిగారు. మూడోసారి కొత్త కార్బొరేటర్ లెక్క కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని అప్పుకోసం తిరుగుతుంటే, పని మానేసి ఇంటి దగ్గరుంటున్న ఒక ముసలి ఉస్తాద్ బండి ఆగిన చోటికే వచ్చి, ఏ పానా ముట్టుకోకుండా ట్యాంకు మూత తీశాడు. స్స్... మని గాలి లోపలికి పోయిన చప్పుడు. “ట్యాంక్ కూ సాన్స్ నై మిల్రీ బేటా” అన్నాడు. మూతకుండే సన్న రంధ్రంలో బొగ్గు దుమ్మూ, బండి కడిగినప్పటి నీళ్లూ కలిసి గట్టిపడి ఉన్నాయి. మూత ఊడదీసి, పెట్రోలుతో నానబెట్టి, బ్రష్షుతో సాఫ్ చేస్తే సరిపోయింది. ఖర్చా ఒక చాయ్.

ఇందులో జాదూ ఏమీ లేదు. ఇంట్లో నూనె డబ్బా తెరిచే ఆడవాళ్లందరికీ తెలిసిన ఇల్మే. డబ్బాకు ఒక్క రంధ్రం పొడిస్తే నూనె గుళుక్ గుళుక్ మని వచ్చి ఆగిపోతుంది. ఎదురు మూలన ఇంకో రంధ్రం పొడిస్తే అప్పుడు ధార కడుతుంది. ఎంత నూనె బయటికొస్తే అంత గాలి లోపలికి పోవాలి. పాత తరహా బండ్లలో పెట్రోల్‌ను తోసే పంపు ఏదీ ఉండదు. ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద, తన బరువుకు తానే దిగుతుంది. గాలి దారి మూసుకుంటే లోపల వాక్యూమ్ పుట్టి ఆ బరువును పైకి పట్టుకుంటుంది. ట్యాంకు మీద రెగ్జిన్ కవరు బిగించి మూత దాకా కప్పేసేవాళ్లు కూడా ఒకసారి ఆ కవరు తీసి చూసుకోవాలి.

మరి ఐదు నిమిషాలాగితే ఎందుకు స్టార్ట్ అవుతుంది? కార్బొరేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో కొద్దిపాటి పెట్రోల్ ఎప్పుడూ నిల్వ ఉంటుంది. పైనుంచి ధార సన్నబడితే ఇంజన్ తాగే వేగానికి ఆ గిన్నె ఖాళీ అవుతుంది. బండి ఆగినప్పుడు చుక్క చుక్కగా మళ్లీ నిండుతుంది. కాబట్టి పోతూ ఆగి, ఆగి మళ్లీ పోయే బండి తన మర్జ్ తానే చెబుతోంది: నాకు పెట్రోల్ అందుతోంది, చాలినంత అందడం లేదు అని. మెల్లగా పోతే బాగుండి, ఎక్కువ ఇస్తేనో వంతెన ఎక్కేటప్పుడో దమ్ము తగ్గితే అదీ ఈ నిశానీయే. చోక్ లాగితే కాసేపు తేరుకుంటే షక్ ఇంకా గట్టిపడుతుంది. అదే స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా చచ్చిపోతే కరెంటు వైపు, ప్లగ్గు వైపు చూడాలి. ఇంత ఫరక్ కూడా అడగకుండా పానా తీసే వాళ్ల గురించే నా బాధ.

మూత తీసినా మార్పు లేకపోతే తర్వాతి మంజిల్ పెట్రోల్ కాక్. చాలామందికి రిజర్వు అంటే వేరే చిన్న ట్యాంకు అనే ఖయాల్ ఉంది. అట్లాంటిదేమీ లేదు. కాక్ నుంచి లోపలికి రెండు దారులుంటాయి. ఆన్‌లో పెడితే కొంచెం ఎత్తున ఉన్న గొట్టం నుంచి వస్తుంది, రిజర్వులో పెడితే అడుగు నుంచి. ట్యాంకు సగానికి పైగా ఉన్నా రిజర్వులోనే బండి నడుస్తోందంటే ఎత్తు గొట్టం జాలీ మూసుకుందన్నమాట. ఎప్పుడూ రిజర్వు మీదే తిప్పే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. యాభై రూపాయలది, వంద రూపాయలది పోయించుకునే గరీబ్‌కు తప్పదు, నేను కాదనను. కానీ ట్యాంకు అడుగున చేరే కచరా, జంగ్, నీళ్లు అన్నీ ఆ దారినే కిందికి పోతాయని తెలిసి ఉండాలి.

ఇక అసలు పరీక్ష. ఇంజన్ చల్లారాక, ఇంటి బయట, చుట్టుపక్కల బీడీ సిగరెట్ లేని చోట, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి గాజు సీసాలో పెట్టి కాక్ తిప్పండి. ఆగకుండా ధార రావాలి. మొదట ధారగా వచ్చి కాసేపటికి చుక్కలైతే మూత మీదో, జాలీ మీదో అనుమానం. మొదటి నుంచే చుక్కలైతే కాక్, ఫిల్టర్, మడతపడ్డ పైపు చూడాలి. విడిగా ఫిల్టర్ బిగించిన బండ్లలో దాని మీద బాణం గుర్తు ఉంటుంది. ఉల్టా బిగించినవి నేను షెడ్లలో చూశాను. కొన్ని స్కూటర్లకు మాత్రం ఇంజన్ గాలి పీల్చితేనే తెరుచుకునే కాక్ ఉంటుంది. వాటికి ఊరికే పైపు తీస్తే పెట్రోల్ రాదు, రాలేదని పోయిందనుకోవద్దు.

సీసాలో పట్టిన పెట్రోల్‌ను వెంటనే పారబోయకండి. కాసేపు కదలకుండా పెట్టి అడుగు చూడండి. నీళ్లుంటే కింద వేరే పొరలాగా కనబడతాయి, ఎందుకంటే పెట్రోల్ నీళ్లకంటే తేలిక. కచరా ఉంటే అదీ తేలుతుంది లేదా మునుగుతుంది, ఏదో ఒకటి కనబడుతుంది. ఒక్క సీసా మొత్తం గవాహీ ఇస్తుంది. మిస్త్రీని “గాహక్ ముందర ధార చూపించు” అని అడగమని నేను చెప్పేది అందుకే. చూపించగలిగినవాడు ఉస్తాద్.

ధార బాగుంటేనే కార్బొరేటర్ వైపు పోవాలి. అక్కడ కూడా మొత్తం విప్పనక్కర్లేదు. గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, వదులు చేస్తే గిన్నెలో పెట్రోల్ ఉందో లేదో తెలుస్తుంది. పైపులో ధార ఉండి గిన్నె ఖాళీగా ఉంటే ఫ్లోట్ సూది ఇరుక్కుంది. గిన్నె నిండుగా ఉన్నా ఇంజన్ స్లోలో నిలబడకపోతే పైలట్ జెట్‌లో కచరా, వేగంలో దమ్ము లేకపోతే మెయిన్ జెట్‌లో కచరా ఉండే అవకాశం. జెట్ అంటే ఇత్తడి ముక్కకు వెంట్రుకంత రంధ్రం. దాన్ని స్టవ్ పిన్నుతో, ఇనుప తీగతో పొడిచే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. ఇత్తడి మెత్తది, రంధ్రం పెద్దదైతే మైలేజీ మళ్లీ రాదు. గాలి కొట్టి, క్లీనర్ పోసి సాఫ్ చేయాలి.

ఇక్కడ ఇథనాల్ సంగతి ఎత్తకపోతే బాత్ అధూరీ అవుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ప్రారంభించారు. మొదట 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నామని కేంద్రం ప్రకటించింది. దీని మీద వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021లో నీతి ఆయోగ్ వేసిన అంచనాలోనే, దీనికోసం తయారుకాని పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని ఉంది. ఇథనాల్‌కు ఇంకో గుణం, అది నీళ్లను తనలో కలుపుకుంటుంది. కొంచెం తేమైతే ఫరక్ పడదు. హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పాత ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన మడ్డిని కూడా అది వదులు చేయగలదు. ఆ మడ్డి ఆగేది జాలీలోనే. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బడమో పగలడమో కూడా జరగవచ్చు. పదిహేనేళ్ల బండి నడిపేవాడికి పంపు దగ్గర ఇంకో పెట్రోల్ ఎంచుకునే ఇఖ్తియార్ లేకపోవడం నా లెక్కలో ఇన్సాఫ్ కాదు. కొత్త బండి కొనగలిగినవాడికి సరిపోయే పాలసీ పాత బండివాడి మీద కూడా పడింది.

అయితే ప్రతి మర్జ్‌కూ ఇథనాల్‌నే బద్నాం చేయడం కూడా తహకీక్ లేని ఫైసలాయే. మూత రంధ్రంలో దుమ్ము కట్టింది ఇథనాల్ కాదు. మన దగ్గర ఓపెన్‌కాస్టు దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము, ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే వేడి, ఇవన్నీ ఉన్నాయి. ఎండలో నిలబెట్టే బండికి మూత అంచు దాకా పెట్రోల్ పోయించవద్దు, వేడికి అది పెరుగుతుంది, దానికి జాగా కావాలి. పైపు వేడి ఇంజన్‌కు ఆనుకుని పోతుంటే కాస్త ఎడంగా కట్టండి.

పంపు మీద అనుమానం ఉంటే గొడవపడే ముందు మన హక్ ఏమిటో తెలుసుకోవాలి. ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమని ఏ గాహక్ అయినా అడగవచ్చు. కాగితం మీద చుక్క వేస్తే ఆవిరై మరక మిగలకూడదు. డెన్సిటీ చూపించమనవచ్చు, అయిదు లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపించమనవచ్చు. “సిర్ఫ్ దేఖ్‌నా హై భాయ్” అని మర్యాదగా అడిగితే చాలు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక ఈ కథ సగం మారిపోయింది. 100 సీసీ బండ్లు కూడా చాలా మటుకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటికి ట్యాంకు లోపలే కరెంటు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు జుయ్... మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడే ఇప్పటి ధార. రాకపోతే కిల్ స్విచ్, ఫ్యూజు, బ్యాటరీ చూడాలి. ఫ్యూజు ఖరీదు ఎంత, పంపు ఖరీదు ఎంత, మీరే అడిగి తెలుసుకోండి. చప్పుడు వస్తూ బండి దమ్ము లేకుండా పోతుంటే పంపు దగ్గరి జాలీ, ఒత్తిడి కొలిపించాలి. ఈ బండ్లకు పైన చెప్పినట్టు పైపు ఊడదీయవద్దు. అందులో పెట్రోల్ సుమారు 3 బార్ ఒత్తిడితో ఉంటుంది, కారు టైరులో గాలికంటే ఎక్కువ. మొహం మీద చిమ్ముతుంది. ఇంకొకటి, ఆ పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ ట్యాంకు ఎండబెట్టి తిప్పితే పంపు వేడెక్కి ఉమర్ తగ్గుతుంది.

గని పని తెలిసిన ఇళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. అండర్‌గ్రౌండ్ బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోనివ్వరు, ముందే సోదా చేస్తారు. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుందని మన పెద్దలందరికీ తెలుసు. పెట్రోల్ ఆవిరి దానికి ఉల్టా. గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పోయి వాకిట్లో వెలుగుతున్న పొయ్యి దాకా చేరగలదు. బాయిలో అంత జాగ్రత్తగా ఉండే మనిషి ఇంటికొచ్చి వంటింటి గుమ్మం ముందు కార్బొరేటర్ కడగడం నాకు హైరత్ అనిపిస్తుంది. పైపును నోటితో పీల్చడం, ఊదడం కూడా మానాలి. పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ఖతరా. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా దవాఖానాకు తీసుకుపోవాలి. సీసాలో పట్టిన పెట్రోల్‌ను పిల్లలకు అందే చోట, నీళ్ల బాటిల్‌లో అస్సలు ఉంచవద్దు.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. స్వయం ఉపాధి మీద ఆధారపడే ముస్లిముల వాటా ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ రాసింది. మన దగ్గర ఆ లెక్క చూడాలంటే నివేదిక అక్కర్లేదు, ఏ చౌరస్తాలోనైనా షెడ్ల బోర్డులు చదివితే చాలు. చదువు సాగని పిల్లవాడిని తీసుకుపోయి ఉస్తాద్ దగ్గర వదిలేసి “హునర్ సిఖాదో” అంటాం. ఆ పిల్లవాడు ఏళ్ల తరబడి పానా అందిస్తాడు, చాయ్ తెస్తాడు, పెట్రోలుతో చేతులు కడుక్కుంటాడు. అందులో బెంజీన్ అనే కేన్సర్ కారకం ఉందని అతనికి ఎవరూ చెప్పరు. 14 ఏళ్లలోపు పిల్లల్ని షెడ్డులో పనికి పెట్టడం చట్టరీత్యా నేరం, అది అందరికీ తెలిసీ కళ్లు మూసుకుంటున్నాం. కొంచెం పెద్దవాళ్లయినా ఏం నేర్చుకుంటున్నారు? ఎట్లా విప్పాలో నేర్చుకుంటున్నారు. ఎందుకు విప్పాలో ఎవరూ చెప్పడం లేదు. ట్యాంకు మూత తీసిన ఆ ముసలి ఉస్తాద్‌కు తెలిసిన “ఎందుకు” ఆయన షాగిర్దులకు దిగలేదు. దిగకపోవడానికి ఆయన ఒక్కడిదే ఖుసూర్ కాదు, అడిగే షాగిర్దుకు చెంపదెబ్బ పడే రివాజ్ మనది.

కార్బొరేటర్ చప్పుడు విని మర్జ్ చెప్పగలిగిన తరం వయసు మీద పడుతోంది. కొత్త బండికి స్కానర్ పెట్టి కోడ్ చదవాలి, వైరింగ్ బొమ్మ చూడాలి, మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో బతుకుతున్న నాలాంటివాడికి ఆ ఇబ్బంది బాగా తెలుసు. అందుకే పదో తరగతి అయిన పిల్లవాడిని నేరుగా షెడ్డుకు కాకుండా ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్‌కు పంపమని, సెలవుల్లో ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టమని నేను అడిగిన ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను. రెండేళ్లే. అక్కడ “ఎందుకు” దొరుకుతుంది, ఇక్కడ చెయ్యి తిరుగుతుంది.

మస్జిద్ కమిటీలకు కూడా ఒక దరఖాస్తు. ఒక ఆదివారం అసర్ తర్వాత ఆరుబయట, తెలిసిన ఉస్తాద్ ఒకాయనను పిలిచి కూర్చోబెట్టండి. అబ్బాయిలే కాదు, స్కూటీ మీద కాలేజీకి, డ్యూటీకి పోయే బేటీలను, బెహన్‌లను కూడా పిలవండి. దారిలో బండి ఆగితే ఎవరికో ఫోన్ చేసి అరగంట నిలబడాల్సింది ఎక్కువగా వాళ్లే. దీనికి పెద్ద సామాన్లేవీ అక్కర్లేదు. తుక్కు దుకాణంలో దొరికే పాత ట్యాంకు ఒకటి, మూతతో సహా. ఒక కాక్, రెండు మూరల పైపు, విప్పిన కార్బొరేటర్ ఒకటి. పెట్రోల్ కూడా వద్దు, నీళ్లు పోసి చూపించినా మూత మూస్తే ధార ఎట్లా సన్నబడుతుందో పిల్లలకు కనబడుతుంది.